నియంత అడిగింది ఇచ్చేస్తే యుద్ధం ఆగుతుందా?

1938 సెప్టెంబర్ 29న జర్మనీలోని మ్యూనిక్‌లో నలుగురు నాయకులు కూర్చుని, ఆ గదిలో లేని ఐదో దేశం సరిహద్దులు మార్చేశారు. జర్మనీ నియంత హిట్లర్, ఇటలీ నియంత ముస్సోలినీ, బ్రిటన్ ప్రధాని నెవిల్ చాంబర్లిన్, ఫ్రాన్స్ ప్రధాని ఎడ్వార్డ్ దలాదియే ఆ నలుగురు. ఐదో దేశం చెకోస్లొవేకియా. దాని దౌత్యాధికారులు ఇద్దరు మ్యూనిక్ దాకా వచ్చారు గానీ చర్చల్లోకి రానివ్వలేదు, హోటల్లో కూర్చోబెట్టారు. అర్ధరాత్రి దాటాక పిలిచి ఒప్పందం చేతిలో పెట్టారు. మా ప్రభుత్వం జవాబు చెప్పాలి కదా అని వాళ్లు అడిగితే, అక్కర్లేదు, ఒప్పుకున్నట్టే లెక్క అన్నారు. ఆ ఇద్దరిలో ఒకరైన హుబర్ట్ మసరిక్ ఆ రాత్రి జరిగింది తర్వాత నివేదికగా రాశాడు. మాట్లాడుతున్నంతసేపూ చాంబర్లిన్ ఆవలిస్తూనే ఉన్నాడని అందులో ఉంది.

తిరిగి లండన్ చేరిన చాంబర్లిన్‌కు జనం బ్రహ్మరథం పట్టారు. పదకొండు నెలలు గడిచేసరికి రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది.

అప్పటి నుంచి ఏ ప్రభుత్వం దూకుడు మీదున్న పాలకుడితో రాజీకి కూర్చున్నా 'ఇది మరో మ్యూనిక్' అనే మాట వినిపిస్తుంది. నియంతను బుజ్జగిస్తే ఇంకా రెచ్చిపోతాడు, గట్టిగా నిలబడితే తోక ముడుస్తాడు అని మ్యూనిక్ తేల్చేసిందని చాలామంది నమ్మకం. అవతలి పక్షం వాళ్లు 1914ను గుర్తుచేస్తారు: అప్పుడు ఎవరూ తగ్గలేదు, కోటి మంది ప్రాణాలు పోయాయి. రెండు వైపులా నిజం ఉంది కాబట్టే ఈ వాదన ఎప్పటికీ తెగదు. తెగాలంటే ప్రశ్న మార్చుకోవాలని నా అభిప్రాయం. ఇవ్వాలా వద్దా అని కాదు, ఇస్తున్న వస్తువు ఏమిటి, అది చేతికొచ్చాక అతనికి తర్వాతి దాడి సులువవుతుందా, కాదా అని అడగాలి. మ్యూనిక్‌ను ఈ కోణంలో చూస్తే చాలా చిక్కుముడులు విడిపోతాయి.

ముందు చాంబర్లిన్ పక్షం

చాంబర్లిన్ పిరికివాడు, అమాయకుడు అని కొట్టిపారేస్తే మనకు ఏమీ అర్థం కాదు. అప్పటి బ్రిటన్‌లో ఆలోచించే మనిషికి ఆయన దారే సబబుగా కనిపించింది.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి ఇరవయ్యేళ్లే అయింది. బ్రిటన్‌లో మనిషి పోని ఇల్లు తక్కువ. చాంబర్లిన్ ప్రాణంగా చూసుకున్న పినతండ్రి కొడుకు నార్మన్ 1917లో ఫ్రాన్స్‌లో చనిపోయాడు. బ్రిటన్ తరఫున పోరాడటానికి మన దేశం నుంచి వెళ్లి తిరిగిరాని సైనికులే 70 వేలకు పైగా ఉన్నారు. ఒక హత్యతో మొదలైన గొడవ, పంతాలకు పోయి, సైన్యాల కదలికకు వేసుకున్న రైలు టైంటేబుళ్లకు కట్టుబడి, అంత పెద్ద మారణహోమం అయిందని ఆ తరం బలంగా నమ్మింది. అప్పుడు ఎవరో ఒకరు విమానమెక్కి వెళ్లి ఎదురుగా కూర్చుని మాట్లాడి ఉంటే ఆగేదేమో అన్నది చాంబర్లిన్ లాంటివాళ్ల మనసులో ఉన్న మాట. 69 ఏళ్ల వయసులో ఆయన హిట్లర్ దగ్గరికి విమానంలో వెళ్లింది అందుకే.

దానికి తోడు ఆకాశం భయం. ఎంత కాపలా పెట్టినా బాంబర్ విమానం దూసుకొచ్చే తీరుతుందని బ్రిటన్ నాయకుడు బాల్డ్విన్ 1932లోనే పార్లమెంటులో అన్నాడు. 1937లో స్పెయిన్‌లోని గెర్నికా పట్టణం జర్మన్, ఇటాలియన్ విమానాల కింద తగలబడటం అందరూ చూశారు. 1938 సెప్టెంబర్‌లో బ్రిటన్ ప్రభుత్వం దాదాపు 3.8 కోట్ల గ్యాస్ మాస్కులు పంచింది. లండన్ పార్కుల్లో కందకాలు తవ్వారు. ఎక్కడో దూరదేశంలో, మనకేమీ తెలియని మనుషుల మధ్య గొడవ కోసం మనం ఇక్కడ కందకాలు తవ్వుకోవడం ఎంత ఘోరం అని చాంబర్లిన్ రేడియోలో అన్న మాట ఈ టెన్షన్‌లో వచ్చింది. ఈరోజు ఆ మాట చదివితే ఒళ్లు మండుతుంది. ఆరోజు విన్న తల్లికి అది తన గుండెలోని మాటే.

సైనికాధికారులు కూడా ఆయనకు ధైర్యం చెప్పలేదు. జర్మనీ, ఇటలీ, జపాన్ మూడింటితో ఒకేసారి తలపడే శక్తి సామ్రాజ్యానికి లేదన్నారు. చెకోస్లొవేకియాను జర్మనీ నుంచి నేరుగా కాపాడే మార్గం లేదని కాగితం మీద రాసిచ్చారు. కెనడా, ఆస్ట్రేలియా లాంటి దేశాలు యుద్ధానికి సుముఖంగా లేవు. అమెరికా తటస్థత చట్టాలు చేసుకుని దూరంగా కూర్చుంది.

అన్నిటికన్నా ముఖ్యం, జర్మనీ అడుగుతున్నవాటిలో కొన్ని న్యాయమే అని చాలామంది అనుకోవడం. 1919 వెర్సాయ్ ఒప్పందం జర్మనీ మీద మరీ కఠినంగా పడిందన్న అపరాధభావం బ్రిటన్‌లో బాగా ఉండేది. 1936 మార్చిలో హిట్లర్ ఆ ఒప్పందాన్ని తుంగలో తొక్కి, సైన్యం ఉండకూడదన్న జర్మనీ ప్రాంతం రైన్‌లాండ్‌లోకి సైన్యాన్ని పంపితే, వాళ్ల పెరట్లోకి వాళ్లు వెళుతుంటే మనకేం అన్నారు. 1938 మార్చిలో ఆస్ట్రియాను కలిపేసుకుంటే, వాళ్లూ జర్మన్ మాట్లాడేవాళ్లే కదా అన్నారు. చెకోస్లొవేకియా సరిహద్దు ప్రాంతమైన సుడెటెన్‌లాండ్‌లో దాదాపు 30 లక్షల మంది జర్మన్లు ఉన్నారు. వాళ్లకు స్వయంనిర్ణయాధికారం ఎందుకుండకూడదు అనే ప్రశ్నకు ప్రజాస్వామ్యవాది జవాబు చెప్పడం కష్టం.

విడివిడిగా చూస్తే ఒక్కో మెట్టూ యుద్ధానికి తగినంత పెద్దది కాదు. దూకుడు పాలకుడి తెలివంతా అక్కడే ఉంటుంది.

తీరకుండా అడగడం

సుడెటెన్ జర్మన్ల పార్టీ నాయకుడు కోన్రాడ్ హెన్‌లైన్. 1938 మార్చి 28న ఇతను బెర్లిన్‌లో హిట్లర్‌ను కలిశాడు. ఆ సమావేశం నోట్స్ తర్వాత బయటపడ్డాయి. వాటి ప్రకారం తాము ఎలా నడుచుకోవాలో హెన్‌లైన్ తన మాటల్లో ఇలా చెప్పాడు: ఎప్పుడూ ఎంత అడగాలంటే, మనల్ని ఎవరూ తృప్తిపరచలేనంత అడగాలి.

ఈ ఒక్క వాక్యం తెలిశాక ఆ సంవత్సరం జరిగిన చర్చలన్నీ వేరుగా కనిపిస్తాయి. సెప్టెంబర్ మొదట్లో చెకోస్లొవేకియా అధ్యక్షుడు ఎడ్వర్డ్ బెనెష్ విసిగిపోయి, సుడెటెన్ ప్రతినిధులను పిలిచి, మీకేం కావాలో మీరే రాయండి, ఒప్పుకుంటాను అన్నాడు. దాదాపు అన్నీ ఇస్తూ కొత్త ప్రణాళిక తయారుచేశాడు. హెన్‌లైన్ మనుషులు సంతోషించాలి కదా? కంగారుపడ్డారు. అడిగిందంతా వచ్చేస్తే గొడవకు సాకు పోతుంది. ఒకటి రెండు రోజుల్లోనే ఒస్ట్రావా పట్టణంలో పోలీసులతో జరిగిన ఓ తోపులాటను పట్టుకుని చర్చలు తెంచేసుకున్నారు.

చాంబర్లిన్‌కూ అదే అనుభవం ఎదురైంది. సెప్టెంబర్ 15న బెర్క్‌టెస్‌గాడెన్ కొండ మీది ఇంట్లో హిట్లర్‌ను కలిసి, జర్మన్లు ఎక్కువగా ఉన్న ప్రాంతాలు ఇప్పించడానికి సూత్రప్రాయంగా సరేనని వచ్చాడు. ఫ్రాన్స్‌ను ఒప్పించాడు. సెప్టెంబర్ 21 తెల్లవారుజామున రెండు గంటలకు బ్రిటన్, ఫ్రాన్స్ రాయబారులు చెకోస్లొవేకియా రాజధాని ప్రాగ్‌లో బెనెష్‌ను నిద్రలేపి, ఒప్పుకోకపోతే మీ దారి మీది అని తేల్చిచెప్పారు. మిత్రదేశంతో మాట్లాడే పద్ధతి అది కాదు. బెనెష్ ప్రభుత్వం తలొగ్గింది. ఆ ఒప్పుకోలు పట్టుకుని 22న చాంబర్లిన్ గోడెస్‌బర్గ్ వెళితే హిట్లర్ జవాబు: క్షమించాలి, ఇప్పుడిది పనికిరాదు. అక్టోబర్ 1 కల్లా సైన్యం లోపలికి రావాలన్నది కొత్త కోరిక. మ్యూనిక్‌లో చివరికి దక్కింది ఈ రెండో కోరికే, కొద్ది రోజుల సర్దుబాటుతో.

మొదటి భేటీ తర్వాత చాంబర్లిన్ తన చెల్లెలికి ఉత్తరం రాశాడు. ముఖంలో కాఠిన్యం కనిపించినా, మాటిస్తే నిలబెట్టుకునే మనిషిలా అనిపించాడు అన్నది దాని సారం. ఆయన పొరపాటు మూలం ఇదే అంటాను. ఎదుటివాడి మనసు చదవడం మీద దేశాల భద్రతను ఆధారం చేశాడు. మనసు ఎవరికి తెలుస్తుంది? బల్ల మీద ఏం పెట్టారో మాత్రం అందరికీ కనిపిస్తూనే ఉంది.

బల్ల మీద పెట్టింది

సుడెటెన్‌లాండ్ అంటే జర్మన్ మాట్లాడే ఊళ్లు మాత్రమే కాదు. చెకోస్లొవేకియాకు జర్మనీ వైపున్న కొండలన్నీ అందులోనే ఉన్నాయి. 1930ల మధ్య నుంచి ఆ దేశం ఆ కొండల వెంట కాంక్రీటు కోటలు, బంకర్లు కడుతూ వచ్చింది. ఫ్రాన్స్ తన సరిహద్దులో కట్టుకున్న కోటల వరస మాజినో రేఖ నమూనా, ఫ్రెంచి నిపుణుల సలహాలు. 1938 సెప్టెంబర్ 23న సైన్యాన్ని పిలిస్తే పది లక్షల మందికి పైగా కదిలారు. చిన్న దేశమే అయినా ప్ల్జెన్‌లోని స్కోడా కర్మాగారం అప్పట్లో ప్రపంచంలోనే పేరున్న ఆయుధాల ఫ్యాక్టరీ. ఇప్పుడు మన రోడ్ల మీద కనిపించే కారుకు ఆ పేరు అక్కడి నుంచే వచ్చింది.

ఒప్పందంతో ఆ కోటలు ఒక్క తూటా పేలకుండా జర్మనీ చేతికి వెళ్లాయి. యుద్ధం తర్వాత న్యూరెంబర్గ్ యుద్ధ నేరాల విచారణలో జర్మన్ సేనాని కైటెల్ సాక్ష్యం ఇస్తూ, 1938లో యుద్ధం రానందుకు మేమెంతో సంతోషించాం, ఆ సరిహద్దు కోటలను బద్దలుకొట్టే సాధనాలు మా దగ్గర చాలినన్ని లేవు అన్నాడు. ఇది ఉరిశిక్ష ఎదురుగా ఉన్న మనిషి మాట కాబట్టి కొంత తగ్గించి తీసుకోవచ్చు. అయినా దాడికి తొందరపడొద్దని హెచ్చరించి, వినకపోయేసరికి 1938 ఆగస్టులోనే జర్మన్ సైన్యం జనరల్ స్టాఫ్ అధిపతి లుడ్విగ్ బెక్ రాజీనామా చేశాడన్నది పక్కా.

కోటలు పోయాక మిగిలిన దేశాన్ని కాపాడుకోవడం అసాధ్యం. అదే అదనుగా పోలండ్ ఒక ముక్క, హంగరీ ఒక ముక్క తీసుకున్నాయి. 1939 మార్చి 14 రాత్రి కొత్త అధ్యక్షుడు ఎమిల్ హాఖాను బెర్లిన్ రప్పించారు. ముసలివాడు, గుండె జబ్బు మనిషి. ఒంటిగంట దాటాక హిట్లర్ ముందు నిలబెట్టారు. సంతకం పెట్టకపోతే ప్రాగ్ మీద బాంబులు పడతాయని జర్మన్ వైమానిక దళాధిపతి గోరింగ్ బెదిరిస్తే ఆయన స్పృహ తప్పాడు. హిట్లర్ వైద్యుడు ఇంజెక్షన్ ఇచ్చి లేపాడు. తెల్లారేలోగా సంతకం అయింది, 15న జర్మన్ సైన్యం ప్రాగ్‌లో ఉంది. ఆరు నెలల క్రితం పది లక్షల మందితో యుద్ధానికి సిద్ధపడ్డ దేశం ఇది.

ఏప్రిల్‌లో హిట్లర్ తన పార్లమెంటులో దొరికిన సొత్తు లెక్క చదివాడు: 1,582 విమానాలు, 2,175 ఫిరంగులు, 469 ట్యాంకులు, పది లక్షలకు పైగా తుపాకులు. ఇవి గోదాముల్లో తుప్పు పట్టలేదు. 1940 మేలో ఫ్రాన్స్‌ను చీల్చుకుంటూ వెళ్లిన జర్మన్ సేనాని రొమెల్ దళం (ఏడో పాంజర్ డివిజన్) ట్యాంకుల్లో పెద్ద భాగం చెక్ తయారీ. మ్యూనిక్‌లో ఫ్రాన్స్ ప్రధాని సంతకం పెట్టి ఇచ్చేసిన దేశపు ఇనుమే ఇరవై నెలల తర్వాత ఫ్రాన్స్ మీదికి వచ్చింది. ఇచ్చింది ఏమిటో చూడాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

బ్రిటన్ టైం సంపాదించుకుంది కదా అనే వాదన ఒకటుంది, అది తేలిగ్గా తీసేసేది కాదు. 1938 సెప్టెంబర్ నాటికి స్పిట్‌ఫైర్ విమానాలు అప్పుడప్పుడే ఒక స్క్వాడ్రన్‌కు అందుతున్నాయి. తీరం వెంట రాడార్ గొలుసు పూర్తికాలేదు. 1940 వేసవికి రెండూ సిద్ధమయ్యాయి, బ్రిటన్ గగనతలం నిలబడింది. (ఆ పోరులో స్పిట్‌ఫైర్లతో పాల్గొన్న 152వ స్క్వాడ్రన్ పేరులో హైదరాబాద్ ఉంది. నిజాం ఇచ్చిన డబ్బుకు గుర్తుగా ఆ పేరు పెట్టి, చిహ్నంలో నిజాం తలపాగా వేశారు.) కానీ టైం ఇద్దరికీ నడిచింది. గాల్లో బ్రిటన్ సంపాదించింది, నేల మీద జర్మనీ అంతకన్నా ఎక్కువ సంపాదించింది. ముప్పైకి పైగా చెక్ డివిజన్లు లెక్కలోంచి పోయాయి, ఫ్రాన్స్ ఓడింది నేల మీదే. పైగా చాంబర్లిన్ టైం కోసం సంతకం పెట్టలేదు. శాంతి వచ్చేసిందని నిజంగా నమ్మి పెట్టాడు. ఆయన బతికుండగా చేసిన పనికి, ఆయన పోయాక వెతికిన సమర్థన ఇది.

మ్యూనిక్ యుద్ధాన్ని ఆపిందా లేదా అంటే, 1938లో ఆపింది. ఇది ఒప్పుకోకుండా ముందుకు పోలేం. హిట్లర్ ఆ సంవత్సరమే యుద్ధం కోరుకున్నాడు. చెకోస్లొవేకియాను సైనికంగా నలిపేయాలన్నది నా మార్చరాని నిర్ణయం అని మే 30న ఆదేశం ఇచ్చాడు. చేతికి వచ్చిన యుద్ధాన్ని చాంబర్లిన్ పాడుచేశాడని ఒప్పందం తర్వాత చిరాకుపడ్డాడు. అంతవరకు బుజ్జగింపు పనిచేసింది.

1939లో అదే ఎదురు తిరిగింది. ప్రాగ్ పోయాక బ్రిటన్‌కు కనువిప్పు కలిగి మార్చి 31న పోలండ్‌కు హామీ ఇచ్చింది. ఈసారి గట్టిగానే ఇచ్చింది, నిలబడింది కూడా. కానీ నమ్మాల్సినవాడు నమ్మలేదు. ఆగస్టు 22న హిట్లర్ తన సేనానులను పిలిచి, మన శత్రువులు చిన్న పురుగులు, నేను వాళ్లను మ్యూనిక్‌లో చూశాను అన్నాడు. చివరి నిమిషంలో ఎవడైనా మళ్లీ రాజీ ప్రతిపాదనతో వస్తాడేమో అన్నదే తన భయమని కూడా అన్నాడు. మ్యూనిక్‌కు పిలవని సోవియట్ యూనియన్ ఆ మర్నాడే జర్మనీతో ఒప్పందం చేసుకుంది. సెప్టెంబర్ 1న పోలండ్ మీద దాడి జరిగింది.

స్టాలిన్ కూడా బుజ్జగించాడు

బుజ్జగింపు అంటే మెతక ప్రజాస్వామ్యాల జబ్బు, గట్టి పాలకులకు అంటదు అనుకునేవాళ్లు 1939-41 మధ్య మాస్కోను చూడాలి. ఒప్పందం తర్వాత స్టాలిన్ జర్మనీకి ధాన్యం, పెట్రోలు, మాంగనీసు వరసపెట్టి పంపాడు. బ్రిటన్ నౌకాదళం సముద్రం మూసేస్తే జర్మనీ యుద్ధ యంత్రం ఆగకుండా చూసింది ఈ సరుకు. దాడి వస్తోందని తన గూఢచారులు, బ్రిటన్ కూడా చెప్పినా కవ్వింపు అవుతుందని సరిహద్దు సైన్యాన్ని అప్రమత్తం చేయనివ్వలేదు. 1941 జూన్ 22 తెల్లవారుజామున జర్మన్ సైన్యం విరుచుకుపడటానికి కాస్త ముందు కూడా సోవియట్ సరుకు రైలు సరిహద్దు దాటి జర్మనీ వైపు వెళ్లింది. ఇక్కడా ఇచ్చింది దాడికి ఇంధనమే.

ఇచ్చి బాగుపడ్డ సందర్భాలు

1895లో వెనిజువెలా సరిహద్దు విషయంలో అమెరికా బ్రిటన్‌ను యుద్ధం దాకా బెదిరించింది. అప్పటి బ్రిటన్ ప్రపంచంలోకెల్లా పెద్ద నౌకాదళం ఉన్న దేశం. అయినా మధ్యవర్తిత్వానికి ఒప్పుకుంది. 1901లో మధ్య అమెరికాలో కాలువ తవ్వుకునే హక్కు వదిలేసింది, 1903లో అలాస్కా సరిహద్దు వివాదంలో అమెరికా వైపు మొగ్గింది. ఎనిమిదేళ్లలో మూడు సార్లు తగ్గింది. ఫలితంగా రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ అమెరికా దాని పక్కన నిలబడింది. ఇది నియంతతో వ్యవహారం కాదు నిజమే. కానీ బ్రిటన్ వదులుకున్నవేవీ లండన్ మీద దాడికి మెట్లు కావు.

సోవియట్ యూనియన్ క్యూబాలో అణుక్షిపణులు పెట్టడంతో వచ్చిన 1962 సంక్షోభం ఇంకా దగ్గరి ఉదాహరణ. అమెరికా అధ్యక్షుడు కెనడీ క్యూబా మీద వెంటనే బాంబులు వేయకుండా సముద్ర దిగ్బంధం చాలనుకుంటున్నప్పుడు, వైమానిక దళాధిపతి లెమే ఆయన ముఖం మీదే, ఇది మ్యూనిక్ బుజ్జగింపులాంటిదే అన్నాడు. ఆ మాట సూటిగా తగిలేది. 1938లో లండన్‌లో అమెరికా రాయబారిగా ఉండి చాంబర్లిన్‌ను గట్టిగా సమర్థించింది కెనడీ తండ్రే. కెనడీ రెండు పనులు కలిపి చేశాడు. బయటికి దిగ్బంధం, అవసరమైతే దాడికి సిద్ధం. లోపల తమ్ముడు రాబర్ట్ ద్వారా సోవియట్ రాయబారికి రహస్య హామీ: టర్కీలో ఉన్న మా 15 జూపిటర్ క్షిపణులు కొన్ని నెలల్లో తీసేస్తాం. అవి అప్పటికే పాతబడ్డవి, వాటి పనిని జలాంతర్గాముల్లోని పొలారిస్ క్షిపణులు చేయగలవు. కాబట్టి సోవియట్ నేత క్రుష్చేవ్ పరువు దక్కింది, అమెరికా రక్షణలో ఇటుక కదల్లేదు. అణుయుద్ధం తప్పింది.

మ్యూనిక్ పాఠాన్ని గుడ్డిగా పట్టుకుంటే ఏమవుతుందో ఆంటొనీ ఈడెన్‌ను చూస్తే తెలుస్తుంది. 1938 ఫిబ్రవరిలో ముస్సోలినీతో రాజీని వ్యతిరేకించి చాంబర్లిన్ మంత్రివర్గం నుంచి బయటికొచ్చిన మనిషి. 1956లో ప్రధానిగా ఉన్నప్పుడు ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ సూయజ్ కాలువను జాతీయం చేస్తే, ఆయనలో ముస్సోలినీని చూశాడు. ఫ్రాన్స్, ఇజ్రాయెల్‌తో కలిసి సైన్యాన్ని పంపాడు. అమెరికా కన్నెర్రజేసి పౌండు మీద ఒత్తిడి పెంచేసరికి వెనక్కి రావాల్సి వచ్చింది. 1957 జనవరిలో పదవి పోయింది. నాసర్ తీసుకున్నది తన దేశం గుండా పారే కాలువ. అది అతని చేతికొస్తే లండన్ మీద దండయాత్ర సులువు కాదు. ఆ తేడా ఈడెన్ చూడలేదు. 1965లో వియత్నాంకు మరింత సైన్యం పంపుతూ అమెరికా అధ్యక్షుడు జాన్సన్ కూడా మ్యూనిక్ పేరే చెప్పాడు.

ఎవరి సొత్తు, ఎవరి రాజీ

మ్యూనిక్ గురించి ఆ రోజుల్లోనే మన దేశంలో తీవ్రమైన స్పందన వచ్చింది. 1938 వేసవిలో నెహ్రూ యూరప్‌లో ఉన్నాడు, ప్రాగ్ వెళ్లి చూసివచ్చాడు. చెకోస్లొవేకియా విషయంలో బ్రిటన్ తీరును ఖండిస్తూ సెప్టెంబర్‌లో మాంచెస్టర్ గార్డియన్ పత్రికకు లేఖ రాశాడు. గాంధీ అక్టోబర్‌లో హరిజన్ పత్రికలో, మ్యూనిక్‌లో యూరప్‌కు దక్కిన శాంతి హింస సాధించిన విజయం అన్నాడు. చెక్ ప్రజలకు ఆయన సూచించిన మార్గం అహింసాత్మక ప్రతిఘటన. హిట్లర్ విషయంలో అది పనిచేసేదని నేను నమ్మను. కానీ ఆ శాంతి స్వభావాన్ని ఆయన సరిగ్గానే పట్టుకున్నాడు. సామ్రాజ్యాలు ఇంకొకరి నేలను తమలో తాము పంచుకోవడం అంటే ఏమిటో వలస దేశపు నాయకులకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

మన నాటకాల్లో కృష్ణుడు రాయబారానికి వెళ్లి అర్ధరాజ్యం కాకపోతే ఐదూళ్లైనా ఇమ్మంటాడు. అక్కడ పాండవులు వదులుకోవడానికి సిద్ధపడ్డది తమ వాటా. మ్యూనిక్‌లో చాంబర్లిన్ వదిలింది చెక్‌ల వాటా. ఖర్చు తనది కానప్పుడు ధర ఎక్కువైందని ఎవరికీ అనిపించదు, అందుకే ఇంకొకరి భూమితో చేసే రాజీలు అంత త్వరగా కుదురుతాయి.

ఈ లెక్క ఇప్పుడు ఉక్రెయిన్ ముందుంది. 1994లో బుడాపెస్ట్‌లో రష్యా, అమెరికా, బ్రిటన్ సంతకాలతో సరిహద్దులకు భరోసా తీసుకుని ఉక్రెయిన్ తన గడ్డ మీదున్న అణ్వాయుధాలు వదిలేసింది. 2014లో రష్యా క్రిమియాను కలిపేసుకుంది. పశ్చిమ దేశాలు ఆంక్షలు పెట్టాయి గానీ, మరుసటి ఏడాదే జర్మనీకి రష్యా గ్యాస్ తెచ్చే నార్డ్ స్ట్రీమ్-2 పైపులైన్ ఒప్పందం కుదిరింది. 2022 ఫిబ్రవరి 24న పూర్తి దాడి జరిగింది. నాటో విస్తరణే రష్యాను రెచ్చగొట్టిందని, బుజ్జగింపు కొరత వల్లే యుద్ధం వచ్చిందని వాదించేవాళ్లూ ఉన్నారు. ఉక్రెయిన్ ఎప్పటికైనా సభ్యదేశం అవుతుందని 2008లో ప్రకటించి, రక్షణ మాత్రం ఇవ్వకపోవడం నాటో చేసిన పెద్ద తప్పు అన్నంతవరకు వాళ్లతో ఏకీభవిస్తాను. దాడి చేయాలన్న నిర్ణయం మాత్రం మాస్కోలో జరిగింది.

2025లో రాజీ చర్చలు నడిచినప్పుడు రష్యా పెట్టిన ముఖ్యమైన కోరిక, ఉక్రెయిన్ చేతిలో ఇంకా మిగిలిన దొనెత్స్క్ ప్రాంతాన్ని ఖాళీ చేయాలని. మ్యాపులో అది చిన్న ముక్క. కానీ స్లోవియాన్స్క్, క్రమతోర్స్క్ పట్టణాల వరస ఉన్నది అక్కడే. 2014 నుంచి ఉక్రెయిన్ బంకర్లు, కందకాలతో పటిష్టం చేసుకున్న ప్రధాన రక్షణ వలయం అది. దాని వెనక పడమటికి చాలావరకు బయలు నేల. యుద్ధంతో అలసిన దేశం భూమి వదులుకుని శాంతి కొనుక్కోవడం నేరం కాదు, 1940లో ఫిన్లాండ్ సోవియట్ యూనియన్‌తో అలా చేసి దేశాన్ని నిలుపుకుంది. ఆ నిర్ణయం ఉక్రెయిన్ ప్రజలది. అయితే కోటలున్న నేలను వదిలి బదులుగా హామీ పత్రం తీసుకోమని చెప్పేవాళ్లు, ఆ పత్రం వెనక ఏ సైన్యం ఎక్కడ నిలబడుతుందో కూడా చెప్పాలి. మ్యూనిక్ ఒప్పందంలో కూడా మిగిలిన చెకోస్లొవేకియా సరిహద్దులకు బ్రిటన్, ఫ్రాన్స్ హామీ ఇచ్చాయి. 1939 మార్చి 15న చాంబర్లిన్ పార్లమెంటులో లేచి, స్లొవేకియా విడిపోయినట్టు ప్రకటించుకుంది కాబట్టి మనం హామీ ఇచ్చిన దేశమే ఇప్పుడు లేదు, ఆ హామీకి మనం కట్టుబడి లేము అని వివరించాడు.